నా చీటీ మీద కొన్న గోలీలు

నాకు కీళ్ళవాతం. రోజూ మాత్ర వేసుకుంటేనే పొద్దున వేళ్ళు వంగుతాయి, కత్తెర పట్టుకోగలుగుతాను. మల్కాజ్‌గిరిలో మా అపార్టుమెంటు ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టేది నేనే.

లాక్‌డౌన్ కొత్తలో, అందరూ మందుల షాపుకు పోవడమెందుకని పై అంతస్తు సెక్రటరీ సార్ తానే తెస్తానని డాక్టర్లు రాసిచ్చిన అందరి చీటీల ఫొటోలూ తీసుకున్నాడు. మంచివాడే అనుకుని నాదీ పంపాను. అదే వారం టీవీలో రచ్చ మొదలైంది. ఈ కీళ్ళవాతం మాత్ర ముందే వేసుకుంటే కరోనా రాదని ఒక డాక్టరు, రుజువేదని ఇంకొక డాక్టరు. వాళ్ళ వాదన తేలకముందే సార్ నా చీటీ ఫొటోను తెలిసినవాళ్ళందరికీ పంపేశాడు.

ఆ సంగతి, నా మాత్రలు అయిపోయి వెళ్ళినప్పుడు, నాకు షాపులోనే తెలిసింది. షాపతను రిజిస్టరు నావైపు తిప్పాడు.

"గిన్ని గోలీలు ఏం చేసుకుంటున్నవ్ అక్కా? స్టాకంత నీ పేరు మీదనే పోయింది."

పేజీ నిండా నా పేరే. ఫోన్ నంబర్లు మాత్రం వేరేవాళ్ళవి, మొదటిది సార్‌ది. పోయి అడిగితే, "రెండు వారాలు ఓపిక పట్టమ్మా, నీదేమన్న పానం మీదికొచ్చే బీమారా?" అన్నాడు.

పదిరోజులకు వేళ్ళు వాచి కొయ్యబారాయి. సూది సంగతి అటుంచి, జడ కూడా వేసుకోలేకపోయాను. ఈ చేతులు పోతే నేను ఎందుకూ పనికిరాను. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

టైపు చేయలేక అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. "నా చీటీ మీద గోలీలు తిన్నోళ్లు జెర వినుండ్రి. నాకు కండ్ల పరీక్ష చేసినంకనే ఇచ్చిండ్రు. గుండె తక్లీఫ్ ఉన్నోళ్లు డాక్టర్‌ని అడగకుండ మింగొద్దన్నరు."

సార్‌కు గుండెజబ్బు ఉంది. అది తెలిసే పెట్టాను.

గంట తిరక్కుండా మాత్రల అట్టలతో మా గుమ్మంలోకి వచ్చాడు.

"నాలుగు మింగినమ్మా. నాకేమన్న అయితదా?"

"ముందు ఒక గోలీ తీసియ్యుండ్రి సార్. నా వేళ్ళు ఒంగుతలేవు."

ఆయన గోటితో ఎంత గీకినా రేకు ఒక పట్టాన చిరగలేదు. నేను తొందరపెట్టలేదు. మాత్ర అరచేతిలో వేయించుకుని, లోపలికి వెళ్ళి, గ్లాసు రెండు చేతులా పట్టుకుని నింపాదిగా నీళ్ళు తాగాను. అప్పుడు వచ్చి మా డాక్టరు నంబరు చెప్పాను. అప్పటిదాకా సార్ గుండె మీద చెయ్యి వేసుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఇంకాసేపు నిలబెట్టాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.