నవ్వితేగానీ నాడి పట్టని డాక్టరు

మా పర్చూరు ఆసుపత్రి డాక్టరుగారు పోయారని పోయిన నెల మిరప కోతలో ఉండగా కబురొచ్చింది. గుండె ఆగిందట. నాకు చదువు రాదు, మనవరాలి చేత రాయిస్తున్నాను. ఏడవడం అయిపోయింది, ఇక తగువు మిగిలింది.

పెద్దకర్మ భోజనాల దగ్గర ఆసుపత్రి యజమాని, కొత్తగా చేరిన డాక్టరమ్మతో అంటున్నాడు: "ఆయనలాగా జనంతో నవ్వులాటలు పెట్టుకోకండి. టైము వేస్టు."

వేస్టా? ఆయన పొద్దున్నే ముందు వరండాలోకి వచ్చేవారు. నాకు ఎగతాళి చేసే హక్కుండాలని తనే "అత్తా" అని వరస కలిపారు. మాలో ఎవరో ఒకరం ఏదో ఒక మాట అని తనని నవ్విస్తేగానీ లోపలికి పోయేవారు కాదు. ఆయన పొట్ట మీదో, మొండి స్కూటరు మీదో నేనొకటి అనేదాన్ని. "చిరాకులో ఉంటే తోచిన మొదటి జబ్బే రాసేస్తా అత్తా. మనసు తేలిగ్గా ఉంటే ఇంకో ప్రశ్న అడగబుద్ధేసుద్ది" అనేవారు.

పచ్చపురుగు పత్తిని తినేసిన ఏడు ఆ ప్రశ్నే మా పెద్దాణ్ణి బతికించింది. చేలోంచి వస్తూనే వాంతులు, చెమటలు. అందరం వడదెబ్బన్నాం. నేను భయంతో వాణ్ణి పట్టుకుని కూర్చుంటే, ఆ పూట ఆయన్ని ఇంకెవరో నవ్వించారు. లోపలికొచ్చి, "ఏరా, ఎండ నీ వీపొక్కదాన్నే తడిపిందా?" అంటూ చొక్కా విప్పించి వాసన చూశారు. వీపున కట్టుకున్న మందు కొట్టే డబ్బా కారి, పురుగుమందు ఒంట్లోకి దిగిందని పట్టేశారు.

ఆ ఏడే, పంట పోయి పురుగుమందు తాగిన రైతులు వరసగా వచ్చారు. ఆయన నవ్వు ఆగిపోయింది. ఉద్యోగం మానేస్తానన్నారు. "పారిపోయే అల్లుడికి పిల్లనెవరిస్తారయ్యా?" అన్నాను. అప్పటికే ఇద్దరు బిడ్డల తండ్రి. ఎర్రటి కళ్లతోనే నవ్వారు. ఉండిపోయారు.

అందుకే విస్తరి ముందు నుంచి లేచాను. "ఆ నవ్వులాటే లేకపోతే మా పెద్దాడి దినం కూడు ఎప్పుడో తినుండేవాడివి బాబూ" అన్నాను. యజమాని చెయ్యి కడుక్కోవడానికి పోయాడు. డాక్టరమ్మ తలొంచుకుని తింటూ ఉండిపోయింది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లాను. ఆ డాక్టరు పిల్ల తన గదిలోకి పోబోయి, ఆగి, వరండాలోకొచ్చింది. బల్ల మీద జరిగి చోటిచ్చాం. లోపలి నుంచి యజమాని బెల్లు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. డాక్టరమ్మ మా పక్కావిడ మిరప కోతకి మండే చేతుల్ని తిప్పి చూస్తూ, ఆవిడన్న ఏదో మాటకు చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.