పేగుకు కట్టిన అంటు

కడియం నర్సరీల్లో అంటు కట్టడంలో నా చేతికి పేరుంది. ఆ పేరు చూసుకుని మురిసిపోయే నేనే మా చెల్లిని పొట్టన పెట్టుకున్నాను.

దానికి పేగు నిండా పుళ్లు. తిన్నది ఇమిడేది కాదు, విరేచనంలో రక్తం. నాలుగేళ్లు మాత్రల మీదే బతికింది. మూలకణాల వైద్యమని పేపర్లలో కొత్తగా రాస్తున్న రోజులవి. పట్నంలో ఒక డాక్టరుగారు దాని తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, అందులోని కణాలు వేరుచేసి మళ్లీ ఒంట్లోకి ఎక్కించారు.

"ఇవి పుండు దగ్గర అతుక్కుంటే కొత్త పొర రావచ్చండి. ఖాయమని చెప్పలేను. పాత మాత్రలు మాత్రం ఆపకండి" అన్నారాయన.

అతుక్కోవడం గురించి నాకొకరు చెప్పాలా? అంటు కట్టిన మొక్కకి చిగురు వేసేదాకా ఎరువు వెయ్యం, నీడలోంచి కదపం. తొందరపడి వేస్తే లేత అతుకు మాడిపోతుంది. మాత్రలూ ఆ ఎరువులాంటివే అనుకుని, ఇంటికి రాగానే వాటిని తీసి నా పెట్టెలో దాచేశాను. అమ్మ గోల చేస్తుందని ఆవిడకి చెప్పలేదు. చెల్లికి మాత్రం అంతా వివరించాను.

పది రోజులకి నొప్పి మొదలైంది.

"ఒక్క మాత్ర వేసుకోనా అన్నయ్యా?" అంది.

"ఓర్చుకోవే. ఇప్పుడు వేసుకుంటే అంతా బూడిదలో పోసిన పన్నీరే."

ఓర్చుకుంది. నా చేతి మీద దానికంత నమ్మకం. జ్వరం తగిలాక కూడా, కుదుపులకి అతుకు వదిలేస్తుందని కారెక్కించకుండా రెండు రోజులు ఆపాను. ఎంత మూర్ఖుణ్ణి. మూడో రోజు పొట్ట బిగిసిపోయింది. రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళితే పేగుకి చిల్లు పడిందన్నారు.

"మాత్రలు సరిగ్గా వాడుతోందా?" అని అడిగారు అక్కడి డాక్టరు.

"వాడుతోందండి" అంది అమ్మ.

"లేదండి" అంది చెల్లి. "చేదుగా ఉన్నాయని నేనే మానేశాను. ఇంట్లో ఎవరికీ తెలీదండి."

నేను మంచం పక్కనే ఉన్నాను. దాన్ని ఆపరేషన్‌కి తీసుకెళ్లారు. ప్రాణంతో బయటికి రాలేదు.

అమ్మ ఇప్పటికీ దాని ఫోటో ముందు కూర్చుని తిడుతుంది. "మాత్ర మింగడానికి నీకేం బరువైందే?" అని ఏడుస్తుంది. నేను పక్క గదిలో వింటూ అన్నం తింటాను.