మావ అడిగిన కంపెనీ కెమెరా

ఈ రోజు నా ఓపికంతా మా సూర్యారావు మావ పట్టుకుపోయాడు. వచ్చే వారం బొబ్బిలిలో వాళ్ళబ్బాయి పెళ్ళికి ఫొటోలు నేనే తీయాలి. పొద్దున్న స్టూడియోకి వచ్చి, నా కెమెరా మీద పేరు చూసి, ఇది వద్దన్నాడు. పక్కింటి పెళ్ళిలో వాడిన కంపెనీదే కావాలట, లేదంటే వేరేవాళ్ళని చూసుకుంటాడట.

కంపెనీలు రెండూ పోటీవే గానీ, నా కెమెరాలో బొమ్మను పట్టే సెన్సర్ తయారుచేసి ఇచ్చింది ఆయన అడిగే కంపెనీయేనని గంటసేపు మొత్తుకున్నాను.

"పోటీవోడికి సరుకు ఎవుడిస్తాడ్రా? నాకు తెలీదనుకున్నావేటి?" అన్నాడు.

మావ చేసేది పనస చెక్కతో వీణలు చెక్కడం. ఒకరంటే ఒకరికి పడని రెండు కొట్లకూ ఆయనే ఇస్తాడు. ఎవరి పేరు వాళ్ళు వేసుకుని అమ్ముకుంటారు. అదే గుర్తుచేశాను.

మావ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఒరే అల్లుడూ, ఆ మాట బయట అనకు. కొనీవోలు ఇన్నారంటే రెండు కొట్లోలూ నన్ను మానేస్తారు. సరే గానీ, ఆ కెమెరా ఎప్పుడు తెస్తావు?"

రేపు విజయనగరం వెళ్ళి, ఆ కంపెనీ పేరున్న మెడ బెల్టు ఒకటి కొని, కెమెరా మీదున్న పేరుకి నల్ల టేపు అంటించి, నా కెమెరాకే తగిలిద్దామనుకుంటున్నాను. వీణలకు తప్పు కానిది కెమెరాకు తప్పవుతుందా? మీరే చెప్పండి.