తీగ వెంట నడిచే చాచా

ఎనభైల చివర, తాండూరులో ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసు. మా వైర్‌మన్ చాచా, ఏది చెడినా ముందు తీగ మీద వేలు పెట్టి చివరిదాకా నడిచేవాడు. మూడు కంప్యూటర్లను ఒకే తీగతో కలిపింది కూడా ఆయనే.

దసరా మర్నాడు, మొదటి కంప్యూటర్లోని ఫైలు మిగతా రెండింట్లో తెరుచుకోలేదు. పట్నం నుంచి వచ్చిన ఇంజనీరు పొద్దంతా తెర ముందు కూర్చుని విసిగిపోయాడు.

"జర ఆగుండ్రి సార్, తీగ ఎంబడి పోయొస్త," అని చాచా వంగి నడిచాడు. చివరి కంప్యూటర్ వెనక ఆగాడు. అక్కడ తీగ కొసకు కుంకుమ బొట్టు ఉంది, ఆ కొసను మూస్తూ ఉండాల్సిన చిన్న బిరడా లేదు. అది లేకపోతే ఒక కంప్యూటరుకు ఇంకొకటి కనబడదు.

ఆయుధ పూజకు బొట్లు పెట్టింది నేనే. బిరడా తీసి తుడిచి, పసుపు పళ్లెంలోనే మరిచాను. చేరి నెల కూడా కాని టైపిస్టును. ఉద్యోగం పోయిందనుకున్నాను.

చాచా నావైపు ఒకసారి చూశాడు. "నేనే సరిగ బిగియ్యలే సార్, ఊడిపోయింది," అని మేనేజరు చేత తిట్లు తిన్నాడు. నేను చాటుగా తెచ్చిచ్చిన బిరడా బిగించగానే ఫైలు తెరుచుకుంది.

మరుసటి దసరా నాడు నేను భయపడి కంప్యూటర్ల దగ్గరికే వెళ్లలేదు. ఆయనే పిలిచాడు. బిరడాను రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని, "ఇగ పెట్టు బిడ్డా, బొట్టు," అన్నాడు.