ఫోన్లు కట్టేసిన మామయ్య

ఆ రోజుల్లో, అంటే రాష్ట్రం రెండుగా విడిపోయి కొత్త రాజధాని గురించి ఊరూరా మాట్లాడుకుంటున్న రోజుల్లో, ఎవరి నోట విన్నా 'డిజిటల్' అన్న మాటే. మార్కాపురంలో ఒకాయన తన టీ కొట్టుకు కూడా ఆ పేరే పెట్టుకున్నాడు (టీ మాత్రం మామూలుదే). నేను అప్పుడే ఎంసీఏ ముగించి, ఎక్కడా ఉద్యోగం దొరక్క, మేనమామ పలకల ఫ్యాక్టరీలో చేరాను. ఫ్యాక్టరీ అంటే ఒక రేకుల షెడ్డు, రాయి కోసే మిషన్లు, అందరి తలల మీదా బూడిద రంగు దుమ్ము. విజయవాడలో ఏదో హోటల్లో వ్యాపారులకు డిజిటల్ వ్యూహం నేర్పుతున్నారని ఎవరో చెబితే, ఒక్కడే పోవడానికి మొహమాటపడి మామయ్య నన్నూ వెంటబెట్టుకుపోయాడు.

అక్కడ అందరూ లేచి తామెవరో చెప్పుకోవాలన్నారు. "మనమేం చెప్పాల పాపా?" అని మామయ్య నా చెవిలో అడిగాడు. "నువ్వు సీఈఓ అని చెప్పు మామా, నేను సీఐఓ, అంటే కంప్యూటర్ల పెద్దని." ఆయన ముఖం వెలిగిపోయింది. "ఒక్క అక్షరం తేడాతో ఇద్దరం పెద్దోళ్లమైనామే!" కోటు వేసుకున్న మాస్టారు తెర మీద బాణాలూ వలయాలూ చూపిస్తూ, పాత దారి మూసేస్తేనే జనం కొత్త దారి పడతారని చెప్పాడు. మామయ్య మోచేత్తో నన్ను పొడిచాడు. "ఇది రాసుకో."

రాసుకోవడమే కాదు, ఊరికి రాగానే అమలు చేశాం. నేను వెబ్‌సైట్ తయారుచేశాను. బడులు తెరవబోయే ముందు, ఏడాది వ్యాపారమంతా జరిగే ఆ సమయంలోనే, ఫ్యాక్టరీ ఫోన్లూ మామయ్య జేబులో ఫోనూ కట్టేశాం. "ఫోన్ ఎత్తుతా ఉంటే వెబ్‌సైట్ ఎవరు చూస్తారు?" అన్నాడాయన. నేను ఆయనకంటే గట్టిగా తలూపాను.

ఇక ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. ఒక్క ఆర్డరూ లేదు. కట్టలు కట్టిన పలకలు గోడల వెంట పేరుకుంటూ కప్పు దాకా వచ్చాయి. "ఏంది పాపా, ఇంకా రాలేదే?" "వ్యూహం కదా మామా, నిదానంగా పనిచేస్తుంది." అనైతే అన్నాను గానీ రోజూ ఆ కట్టలు లెక్కపెడుతూనే ఉన్నాను. ఈ సీజన్ పోతే ఆ పలకలు మళ్లీ ఏడాది దాకా కదలవు.

చివరికి ఒక మధ్యాహ్నం కంప్యూటర్ టింగుమంది. మామయ్య పరిగెత్తుకొచ్చాడు. నేను పైకి చదివాను. పేరు దగ్గర మా అత్త పేరుంది. కావలసిన వస్తువు: మొగుడు. ఎన్ని: ఒకటి. కింద, "పామూరు శెట్టన్న బత్తాయిలు తీసుకొని ఇంటికొచ్చినాడు. నీకేదో అయిందని ఒకటే బాధ. ఆ ఫోన్లు కట్టేసి ఏం చేస్తా ఉండావు? వెంటనే పంపించగలరు."

(ఆ చివరి మాట ఆమె నా వెబ్‌సైట్ నుంచే నేర్చుకుంది.)

ఇంటికి పోయేసరికి, మా పలకలు ఏళ్ల తరబడి కొంటున్న ఆ శెట్టి గుమ్మంలోనే మామయ్యను వాటేసుకున్నాడు. "దినామూ ఫోన్ చేస్తిని బావా, ఎత్తకపోతివి. పోయినావేమో అనుకుంటిని!"

"పోలేదు బావా, డిజిటల్ అయినాను."

"రెండిట్లో ఏదైనా చెప్పి చేయాల గదా!"

అత్త వంటింట్లో గోడకు ఆనుకుని నవ్వుతూ కూలబడిపోయింది. మామయ్య ఫోన్ ఆన్ చేయగానే అది ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. గిద్దలూరు, త్రిపురాంతకం, ఇంకా ఎక్కడెక్కడి వాళ్లో, అందరిదీ ముందు ఒకటే ప్రశ్న: "ఒళ్లు బాగుందా?" ఆ తర్వాతే పలకల మాట. మామయ్య శెట్టి తెచ్చిన బత్తాయి తింటూ ఎంగిలి చేత్తోనే ఫోన్ పట్టుకుని ఆర్డర్లు చెబుతుంటే, నేను రాసుకుంటూ కూర్చున్నాను. బడులు తెరిచే నాటికి షెడ్డు ఖాళీ అయింది. వెబ్‌సైట్‌లో పలకల బొమ్మలు ఉంచి, పైన ఫోన్ నంబరు పెద్దక్షరాల్లో పెట్టాను. శెట్టి దాన్ని పామూరులో తన దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చూపించేవాడట.

ఇప్పుడు వ్యాపారులకు ఇలాంటి సలహాలు ఇవ్వడమే నా ఉద్యోగం. 'చూద్దాం', 'కొంచెం కొంచెంగా మారుద్దాం' అని జాగ్రత్తగా మాట్లాడతాను, అందుకే జీతమిస్తారు. కానీ ఒక్క మీట నొక్కి ఇన్ని ఊళ్ల అలవాటు మార్చేయొచ్చని నమ్మిన ఆనాటి నాలోని పిల్ల గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది, ఆ వెంటనే కాస్త అసూయా పుడుతుంది.