పైన ప్యానెళ్ళు, కింద పురుగులు

కుప్పంలో మా చెల్లెలి ఇంటి మీద చూసొచ్చి, మేమూ పట్టుపురుగుల షెడ్డు మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టించుకున్నాం. బిగించిన రోజు మా ఆయన మీసం మెలేస్తూ వాకిట్లో ఒకటే తిరగడం. "ఇంగ కరెంటోళ్ళ కాళ్ళా వేళ్ళా పడే పని లేదు. ఎండ ఉన్నంతసేపూ మనమే రాజులం" అన్నాడు. నిజమే అనుకున్నాను. పుంగనూరు పక్క మెట్ట ఊళ్ళలో ఇంకేం లేకపోయినా ఎండకు కొదవా?

బోరు నీళ్ళతో మల్బరీ పెంచి, ఆ ఆకు పురుగులకు వేసి, అవి కట్టిన గూళ్ళను మదనపల్లె మార్కెట్టుకు తీసుకుపోతాం. అదే మా బతుకు. పురుగు వేడికి ఆగదు. గూడు కట్టే ముందు మరీ సుకుమారం. ఎండాకాలంలో షెడ్డులో ఫ్యాన్లూ కూలరూ తిరుగుతూనే ఉండాలి.

కరెంటోళ్ళ పెద్ద సోలార్ ప్లాంట్లలో కరెంటు తయారయ్యేది పగలే కదా, అందుకని బోరు మోటార్లకు కూడా పగలే ఇస్తున్నారు. చీకట్లో పాములకు భయపడుతూ పొలానికి పోయే బాధ తప్పింది, కాదనను. కానీ మా ఊళ్ళో ప్రతి మోటారుకూ ఆటో స్టార్టరు ఉంది. కరెంటు రావడమే ఆలస్యం, మనిషి దగ్గర లేకపోయినా మోటారు దానంతటదే ఆన్ అవుతుంది. ఊరి మోటార్లన్నీ ఒక్కసారే ఆన్ అవుతాయి. లైన్‌మన్ నెత్తీ నోరూ మొత్తుకునేవాడు. "ఆటోలు పీకేయండప్పా. సగం మంది పొద్దున, సగం మంది మధ్యాన్నం ఏసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేక పోతాండాది." అందరూ తలలూపేవాళ్ళు. ఒక్కరూ పీకలేదు.

పోయిన ఎండాకాలం, పురుగులు రేపో మాపో గూళ్ళు కడతాయనగా, మిట్టమధ్యాహ్నం కరెంటు కాసేపు పోయి వచ్చింది. రాగానే మోటార్లన్నీ కలిసి మొదలయ్యాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలింది. షెడ్డులో ఫ్యాన్లు ఆగాయి. నేనేమీ కంగారు పడలేదు, పైన ప్యానెళ్ళు ఉన్నాయని ధీమా. ఎంతసేపు చూసినా ఒక్క ఫ్యానూ కదల్లేదు.

లైన్‌మన్ రాగానే మీద పడ్డాను. "ఇంత ఎండ కాస్తాంటే ఇవి యాల పనిచేయవు?"

"లైన్లో కరెంటుంటేనే పనిచేస్తాయమ్మా ఇవి. లైను పోతే వాటంతటవే ఆగిపోతాయి. లేకుంటే స్తంభమెక్కిన నాకు మీ ఇంటి కరెంటే కొడతాది. బ్యాటరీ పెట్టుకోనుంటే అది వేరే సంగతి."

"బిగించేటప్పుడు ఈ మాట ఎవురూ చెప్పలేదే."

"అది బిగించినోళ్ళు చెప్పాల్సిందమ్మా" అన్నాడు. అతని మీద అరిచి ఏం లాభం?

కరెంటు లేక బోరు ఆడదు కాబట్టి, తాగడానికి పట్టుకున్న బిందెల నీళ్ళే గోనెసంచులకు చల్లి షెడ్డు చుట్టూ కట్టాం. అట్టముక్కలు పట్టుకుని చేతులు పడిపోయేదాకా విసిరాం. సాయంత్రానికి పురుగులు ఆకు ముట్టడం మానేశాయి. మర్నాటికి ముట్టుకుంటే చేతిలో మెత్తగా జారిపోతున్నాయి. వాసన మొదలైంది. గట్టు పక్కన, మల్బరీ చాళ్ళలోనే గుంత తీసి పూడ్చాం. మా ఆయన తవ్వుతూ తవ్వుతూ ఏడ్చాడు. ఆయన ఏడవగా నేనెప్పుడూ చూడలేదు.

పాలకేంద్రం దగ్గర ఊరంతా కూడినప్పుడు అందరికన్నా గట్టిగా మాట్లాడింది ఆయనే. "ఈపొద్దు నా పురుగులు సచ్చినాయి. రేపు మీ ఆవులకు నీళ్ళుండవు. ఆటోలు పీకండి." అందరూ సరేనన్నారు. వంతులు వేసుకున్నారు. మాకు మధ్యాహ్నం వంతు వచ్చింది.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టిన మర్నాడు పొద్దున నేను గట్టు మీద పురుగులు పెంచే ఖాళీ తట్టలు కడుగుతున్నాను. కరెంటు వచ్చింది. మొట్టమొదట మోగింది మా మోటారే.

పరుగున పోయి చూస్తే ఆయన బోరు దగ్గరే నిలబడి ఉన్నాడు. "నువ్వు కూడానా?" అన్నాను.

"పక్కాయన పీకలా. నేను సూసినా. ఆయన ముందే తోడుకుంటే మన బోర్లోకి నీళ్ళు యాడనుంచి వస్తాయి? ఆకు ఎండితే ఇంగో పంట ఎట్లా?"

"పక్కాయన మన గురించి ఇదే అంటాంటాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నేనే పీకేద్దామని ఆటో పెట్టె మూత తీశాను. అప్పటికే నీళ్ళు చాళ్ళలో పడి, పురుగులను పూడ్చిన గుంత మీదుగా మల్బరీ మొదళ్ళకు పోతున్నాయి. మొక్కలు వాడిపోయి ఉన్నాయి. మూత మళ్ళీ పెట్టేశాను.