సున్నపు దేశంలో ఎలుగుపిల్ల

మా అమ్మ శేషారత్నాన్ని చూడనివాళ్లు కారంపూడిలో ఉండొచ్చు గానీ ఆమె గొంతు విననివాళ్లు లేరు. ఎవరి గేదె తప్పిపోయినా, ఎవరింట్లో చావు జరిగినా, కాలవకు నీళ్లు వదులుతున్నా ఆ కబురు టీవీలో అమ్మ గొంతుతోనే వచ్చేది. అదేం ఉద్యోగం కాదు. మా ఇంటి ముందుగదిని కేబుల్ ఆఫీసు కోసం సర్దార్ అద్దెకు తీసుకున్నాడు. స్తంభాలెక్కడానికి భయపడని ఆ మనిషికి మైకు ముందు మాత్రం నోరు పెగిలేది కాదు. "అక్కా, ఈ నాలుగు ముక్కలూ నువ్వు చదివి పెట్టవా" అని చీటీ తెచ్చేవాడు. అమ్మ చేతులు తుడుచుకుని వెళ్లి చదివి వచ్చేది.

ఇది రెండువేల ఒకటి, రెండు సంవత్సరాల నాటి సంగతి. నాకు పదేళ్లు. సర్దార్ కూతురు జాహెదాకు ఏడు. ఆ పిల్ల తల్లి అంతకు ముందు ఏడాది జ్వరంతో పోయింది. ఇంట్లో ఉన్నది మంచానపడ్డ నానమ్మ ఒక్కతే. తండ్రి పనిమీద వెళ్తే జాహెదా మా ఇంట్లోనే తినేది, మా ఇంట్లోనే నిద్రపోయేది. సర్దార్ మా అమ్మను అక్కా అనేవాడు కాబట్టి జాహెదాకు ఆమె అత్త.

ఆ రోజుల్లో ఆదివారం పది గంటలకు హిందీలో ఒక బొమ్మల సీరియల్ వచ్చేది. ఎక్కడో విదేశంలో గీసిన బొమ్మలు. తెల్లటి నేల, తెల్లటి కొండలు, వాటి మధ్య ఒక చిన్న తెల్ల ఎలుగుపిల్ల. దానికి తోడుగా రెండు పొడుగాటి దంతాలున్న ముసలి జంతువొకటి, పొగ వదిలే చిన్న పడవ. అది మొదలవకముందే రోజూ వేసే ప్రకటనల్లో మాకు బొమ్మలు తెగ నచ్చాయి, మాటలు ఒక్కటీ అర్థమయ్యేవి కావు.

అది మొదలయ్యే ఆదివారం పొద్దున సర్దార్ సైకిల్ పెడల్ మీద కాలు వేసి అమ్మను పిలిచాడు. "అక్కా, పిల్లకాయలు నన్ను బజార్లో నిలవనీయట్లేదు. ఏం మాట్లాడతన్నారో తెలవట్లేదంట. నువ్వు కాస్త మైకులో చెప్పరాదా?"

"నాకు మాత్రం హిందీ వచ్చా ఏంది? నీకొచ్చుగా, నువ్వే చెప్పు."

"నాకు ఆదివారమే గదా లైన్ల కంప్లైంట్లన్నీ. బొమ్మ చూసి చెప్పక్కా. తప్పయితే ఎవడికి తెలిసిద్ది?"

వాకిట్లో పళ్లు తోముకుంటున్న మా నాన్న కోటేశ్వరరావు, "మీ అక్కకి మైకు ఇచ్చావంటే మళ్లీ తీసుకోలేవు బావా, ఆలోచించుకో" అన్నాడు. అమ్మ ఆయన వంక చూడకుండా జాహెదాను వెంటబెట్టుకుని ముందుగదిలోకి నడిచింది.

మొదటి బొమ్మ చూడగానే అమ్మ చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "పిల్లలూ, ఇది సున్నపు దేశం."

అమ్మది పిడుగురాళ్ల పక్క ఊరు. తాతయ్య సున్నపు బట్టీలో పనిచేసేవాడు. ఆ దారిన బస్సులో వెళ్తే చెట్లు, ఇళ్ల కప్పులు, కుక్కలు, మనుషులు అన్నీ తెల్లగా ఉంటాయి. తాతయ్య సాయంత్రం ఇంటికి వస్తే కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవట. మంచును ఎన్నడూ చూడని అమ్మకు తెల్లటి నేల అంటే సున్నమే. నీళ్ల మీద నుంచి తెల్లటి ఆవిరి లేవడం చూసేసరికి ఆమెకు ఇక అనుమానమే మిగల్లేదు. కాల్చిన సున్నం మీద నీళ్లు పడితే అలాగే పొగ లేస్తుంది మరి.

మిగతా కథంతా అందులోంచే పుట్టింది. ఎలుగుపిల్ల పుట్టుకతో నలుపే, సున్నం పడి తెల్లబడింది. దాని పేరు బుడ్డోడు. దంతాల జంతువు పేరు దున్న తాత. బుడ్డోడు నీళ్లలో పడితే మేమంతా కేకలు పెట్టేవాళ్లం, ఒంటి మీది సున్నం తడిస్తే మండుతుంది కదా. సున్నం పనివాళ్లు ఒళ్లంతా నూనె రాసుకున్నాకే స్నానం చేస్తారని అమ్మకు తెలుసు. "వాళ్లమ్మ నూనె గిన్నె తీసుకుని వచ్చిద్ది. బాగా రుద్ది నీళ్లు పోస్తే బుడ్డోడు నల్లగా నిగనిగలాడతాడు" అని చెప్పేది.

మొదటి భాగంలో పెద్ద ఎలుగు ఒకటి తెల్లటి గాలిదుమ్ములో నడుచుకుంటూ పోయి కనపడకుండా పోయింది. అమ్మ ఒక్క క్షణం ఆగి, "తల్లి బట్టీ పనికి పోయింది" అంది. ఆ తరువాత ప్రతి వారం బుడ్డోడూ దున్న తాతా పడవ వేసుకుని ఆ తల్లిని వెతికేవాళ్లు. ఏ బట్టీకి వెళ్లినా ఆమె నిన్నే పని ముగించుకుని ఇంకో బట్టీకి వెళ్లి ఉండేది. దున్న తాత నిండు పల్నాటి మనిషి. "ఏందిరా నీ ఏడుపు, పడవెక్కు ముందు" అని కసిరేవాడు.

కొన్నాళ్లకు మా సోషల్ మాస్టారు అది మంచు అని, ఆ జంతువు దున్న కాదని క్లాసులో చెప్పారు. మేము ఇంటికి వచ్చి అమ్మను నిలదీశాం. "మీ మాస్టారు వెళ్లి చూసొచ్చాడా?" అంది. అంతటితో ఆ చర్చ ముగిసింది.

నలభై వారాలు నడిచింది. తరువాత ఆ చానల్ డబ్బు కడితే గానీ రానిదయింది. చివరి భాగాలు కారంపూడికి చేరలేదు. కొట్టుకు వెళ్తే, బస్సు కోసం నిలబడితే, పిల్లలు అమ్మను పట్టుకునేవాళ్లు. "బుడ్డోడికి అమ్మ దొరికిందా పెద్దమ్మా?" "తెలవదు నాయనా, నేనూ చూళ్లా" అని అమ్మ బిక్కమొహం పెట్టేది. బొమ్మ చూడకుండా చెప్పడం ఆమెకు చేతకాదు. ఒక్కసారే చెప్పింది. సర్దార్ కేబుల్ అమ్మేసి మాచర్లకు మకాం మార్చిన రోజు, సామాను ఆటోలో సర్దుతుంటే జాహెదా అమ్మ చీర కుచ్చెళ్లు పట్టుకుంది. "బుడ్డోడి అమ్మ వచ్చిద్దా అత్తా?" అని అడిగింది. అమ్మ కింద కూర్చుని ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, "వచ్చిద్ది. ఒట్టు" అంది.

రెండేళ్ల కిందట వేసవిలో ఆ సీరియల్ మళ్లీ వస్తోందని, ఈసారి తెలుగులోనే వస్తోందని తెలిసింది. మా టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు ఊగిపోయింది. నేను సెలవులకు నరసరావుపేట నుంచి అమ్మావాళ్ల దగ్గరకు వచ్చి ఉన్నాను. ఆదివారం పదింటికల్లా అమ్మ తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని టీవీ ముందు కూర్చుంది. "చివరికైనా తెలిసిద్దిలే" అంది.

పడవ వచ్చింది, కానీ ఎగురుతోంది. బుడ్డోడికి నీలం కోటు తొడిగారు. కళ్లు గాజుగోళీల్లా మెరుస్తున్నాయి. మంచు ఎంత నిగారింపుగా ఉందంటే దాన్ని సున్నం అనుకోవడం ఎవరి తరమూ కాదు. దున్న తాత మాటకొకసారి జోకు వేసి తనే నవ్వుతున్నాడు. బుడ్డోడు ఆయన్ను "బ్రో" అని పిలిచాడు.

"తాతని పట్టుకుని బ్రో ఏంది?" అన్నాడు నాన్న.

గ్రూపులో ప్రవీణ్ పెట్టాడు: "మన సున్నం ఎవడు ఎత్తుకుపోయాడ్రా?" దేవిక రాసింది: "వీడు మన బుడ్డోడు కాదు, వీడెవడో అమీర్‌పేటలో కోచింగ్‌కొచ్చినోడు." అందరూ నవ్వుతున్నారు గానీ ఆ నవ్వులో దిగులుంది. ఇరవై ఏళ్లు దాచుకున్న ఇంటి తాళం తీసుకుని వెళ్తే అక్కడ ఇల్లే లేనట్టు ఉంది మాకు.

పదిహేనో నిమిషంలో ఎలుగుపిల్ల, "మా అమ్మ తుఫానులో చనిపోయింది, ఆమె చెప్పిన దేశం వెతుక్కుంటూ వెళ్తున్నా" అంది.

అమ్మ నా వైపు తిరిగింది. "కొత్తగా కల్పించారు కదే?"

"కల్పించే ఉంటారు" అన్నాను.

అక్కడితో వదిలేసి ఉంటే సరిపోయేది. మధ్యాహ్నం ప్రవీణ్ ఎక్కడో వెతికి పాత హిందీ మొదటి భాగం గ్రూపులో పెట్టాడు. నేను ఉత్సాహంగా ఫోన్ అమ్మ చేతికిచ్చాను. అవే బొమ్మలు, అదే పడవ, అదే పొగ. వాటి మీద అమ్మ గొంతు మాత్రం లేదు. అదే మొదటిసారి నేను ఆ సీరియల్‌ను ఆమె గొంతు లేకుండా చూడడం. ఆ నలభై వారాల్లో ఒక్కటీ ఎవరూ రికార్డు చేయలేదు. పోయిన కార్తీకంలో అమ్మ కన్నుమూశాక సర్దార్‌ను అడిగాను, ఒక్క ముక్కయినా ఉందేమోనని. తప్పిపోయిన గేదెల ప్రకటన కూడా లేదు.

పెద్ద ఎలుగు తెల్లటి గాలిలోకి నడిచిపోయే చోటు వచ్చింది. "ఏమంటన్నాడే?" అని అడిగింది అమ్మ. హైదరాబాద్‌లో నాలుగేళ్లు ఉద్యోగం చేశాను, నాకు హిందీ వచ్చు. ఆలోచించకుండా చెప్పేశాను. "ఆ రాత్రి తుఫానులో తల్లి ప్రాణం పోయింది, పిల్ల ఒంటరిదయింది అంటున్నాడమ్మా."

అమ్మ ఫోన్ బల్ల మీద పెట్టింది. "అయితే మొదటి వారమే పోయిందన్నమాట" అంది. తరువాత, "తల్లి లేని పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని నలభై వారాలు అబద్ధం చెప్పా. పైగా ఒట్టేశా" అంది.

"చిన్నప్పటి బొమ్మలమ్మా. దానికి గుర్తు కూడా ఉండదు" అన్నాను.

"గుర్తుండదా? చీర పట్టుకుని అడిగింది ఉషా. నేను మర్చిపోయానా, అది మర్చిపోవడానికి?"

ఆ వారమంతా అమ్మ సరిగ్గా తినలేదు. జాహెదాకు ఫోన్ చెయ్యమనేది, నేను ఫోన్ తీయగానే వద్దనేది. "పెద్దయ్యాక ఏదో ఒకరోజు అసలు సంగతి తెలిసే ఉంటది. అప్పుడు నా గురించి ఏమనుకుని ఉంటదో" అనేది. నాన్న మొదట విసుక్కున్నాడు. శుక్రవారం అమ్మ అన్నం కంచం పక్కకు నెట్టడం చూసి, తనే నా దగ్గరకు వచ్చి మెల్లగా, "ఆ పిల్లను రమ్మను" అన్నాడు.

జాహెదా మాచర్లలో ల్యాబ్ టెక్నీషియన్. ఆదివారం పదకొండింటికి బస్సు దిగి వచ్చింది. అమ్మ గుమ్మంలోనే, "ఏమే, ఇట్టా పుల్లలాగ అయ్యావేంది? మీ ల్యాబులో అందరి రక్తం తీసి నీది కూడా తీస్తన్నారా?" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. గోంగూర, వేపుడు, పెరుగు అన్నీ అయ్యాయి. అమ్మ అసలు మాట ఎత్తలేదు. చేతులు కడుక్కుని జాహెదా తువ్వాలు కోసం చూస్తుంటే తన కొంగు అందించి, అప్పుడు అంది.

"బుడ్డోడి తల్లి చచ్చిపోయిందంటనే. మొదట్లోనే. నాకు తెలవదు జాహెదా, నీ మీద ఒట్టు, నాకు తెలవదు."

జాహెదా చేతులు తుడుచుకుంటూ, "నాకు తెలుసు అత్తా" అంది.

"ఎప్పుడు తెలిసింది?"

"అప్పుడే. మొదటి వారమే. మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ గదా, ఆ హిందీ నాకు అర్థమయ్యేది. బయట టీవీల్లో నీ గొంతు పెద్దగా వచ్చి అది వినపడేది కాదు. లోపల నీ పక్కన చిన్న టీవీలో మొత్తం వినపడేది."

ఎవరికీ తెలియదని సర్దార్ అన్న తప్పు, మైకుకు మూరెడు దూరంలో కూర్చున్న అతని కూతురికే తెలుసు. ఆ ఆలోచన అమ్మకు గానీ నాన్నకు గానీ నాకు గానీ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు.

"ఏమే దొంగదానా! నలభై వారాలు నేను బట్టీ బట్టీ అని కూస్తంటే పక్కన కూర్చుని విన్నావా? ఒక్క మాట చెప్పొద్దా?"

"చెబితే నువ్వు మార్చేస్తావుగా" అంది జాహెదా.

జాహెదా కొంగు వదిలి అమ్మ వైపు తిరిగింది.

"ఆ టీవీలో వాడు చచ్చిపోయింది, చచ్చిపోయింది అనేవాడు. నువ్వు నిన్న ఫలానా బట్టీలో కనపడింది అనేదానివి. ఇంటికి పోతే నాన్న ఏం చెప్పేవాడు కాదు, నానమ్మ ఏడ్చేది. నాకు ఆదివారం ఎప్పుడొచ్చిద్దా అని ఉండేది."

"మరి వెళ్లేప్పుడు ఎందుకడిగావే, తెలిసీ?"

"ఇంకోసారి చెప్తావని."

అమ్మ కుర్చీలో కూలబడి కాసేపు తన చేతుల వంకే చూసుకుంది. వారం రోజులుగా ఆమె ముఖంలో బిగుసుకుని ఉన్నదేదో మెల్లగా వదలడం నేను చూశాను. తరువాత ముక్కు తుడుచుకుని, మామూలు గొంతుతో, "అసలు కథ చెప్పవే అయితే. నీకు తెలుసుగా. ఆ నలభై వారాలూ వాళ్లు ఏం మాట్లాడుకున్నారు?" అంది.

జాహెదా ఆలోచించింది. చాలాసేపే ఆలోచించింది. "గుర్తులేదత్తా. నిజంగా ఒక్క ముక్క గుర్తులేదు. చచ్చిపోయిందన్న మాట ఒక్కటే గుర్తుంది. మిగతాదంతా నువ్వు చెప్పిందే. పిడుగురాళ్ల మీదుగా బస్సులో పోతే ఇప్పటికీ బట్టీల దగ్గర కిటికీలోంచి చూస్తా."

"ఏం చూస్తావు?"

"ఊరికే. అలవాటు."

అమ్మ తల ఊపింది. "అట్టా అయితే వాళ్ల ఎలుగు వేరు, మన ఎలుగు వేరు. వాళ్లది పోయింది. మనది పోయిందని మనం ఎక్కడా చెప్పలా." కొంచెం ఆగి, "ఇంకా పనిలోనే ఉండుంటది పాపం" అంది.

అప్పటిదాకా నవ్వుతూనే ఉన్న జాహెదా ఆ మాటకు తల వంచుకుంది. అమ్మ కుర్చీ దగ్గరగా లాక్కుని ఆమె వీపు మీద చెయ్యి వేసింది. ఆరింటి బస్సుకు వేళయిందని నాన్న వాకిట్లోంచి రెండుసార్లు పిలిచినా ఆ చెయ్యి తీయలేదు.